బండి సందేహాలు: పాత పికప్ డోర్లు, లాచ్‌లు

పాత పికప్‌ల డోర్ల మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఆరింటికి జవాబులిస్తున్నాం. ఉత్తరం రాసిన దాదాపు అందరూ ముందుగా చేసిన పని స్ట్రైకర్ (లాచ్, అంటే డోరు అంచున ఉన్న గొళ్ళెం, మూసినప్పుడు పట్టుకునే క్యాబ్ మీది మేకు) వదులు చేసి అటూ ఇటూ జరపడం. అది చివర చేయాల్సిన పని కాబట్టి మొదటి జవాబు కొంచెం పొడవైంది.

ప్రశ్న: *నా దగ్గర 1978 షెవర్లే సీ10 ఉంది. డ్రైవర్ వైపు డోరు గట్టిగా విసిరికొడితేనే పడుతోంది. పడేటప్పుడు వెనక అంచు పైకి లేచినట్టు కనిపిస్తుంది. స్ట్రైకర్‌ను కిందికి దించితే పట్టడమే మానేసింది, పైకి ఎత్తితే మళ్ళీ పాత కథే. లాచ్ కొత్తది వేయాలా? (ఇర్వింగ్, టెక్సస్)*

జవాబు: లాచ్ కొనకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి డోరు కిందికి జారింది. దాన్ని స్ట్రైకర్ ప్రతిసారీ ఎత్తి పట్టుకుంటోంది. స్ట్రైకర్ పని డోరును మూసి ఉంచడమే. బరువు మోయాల్సింది హింజ్‌లు, అంటే డోరు తిరిగే మడత బందులు. ఆ మోత స్ట్రైకర్ మీద పడితే దాని మెడ అరుగుతుంది, లాచ్ లోపల దాన్ని పట్టుకునే కొక్కెం, ఫోర్క్, అరుగుతుంది, కొత్త లాచ్ వేసినా కొన్నాళ్ళకు అదే గతి.

బండిని చదునైన నేల మీద, నాలుగు చక్రాల మీద నిలబెట్టండి. జాక్ మీదో లిఫ్ట్ మీదో ఉన్నప్పుడు చాసిస్ కాస్త వంగుతుంది, క్యాబ్ కూడా దానితో పాటు కదులుతుంది. అక్కడ సరిచేసిన సందులు కిందికి దించాక మారిపోతాయి. డోరు సగం తెరిచి, వెనక అంచు కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తండి. ఇంకొకరు హింజ్‌ల దగ్గర కళ్ళు పెట్టి చూడాలి. హింజ్ రెండు రెక్కల మధ్య కదలిక కనిపిస్తే పిన్, దాని చుట్టూ ఉండే తొడుగు (బుష్) అరిగాయి. రెక్క మొత్తం పిల్లర్ (డోరుకు ముందూ వెనకా ఉండే క్యాబ్ స్తంభం) మీద కదిలితే బోల్టులు వదులు. బోల్టులు బిగుతుగానే ఉండి, పిల్లర్ రేకే ఊగుతుంటే అక్కడ చీలికో తుప్పో ఉంది. అది టింకరింగ్, వెల్డింగ్ పని, సర్దుబాటుతో పోదు.

క్యాబ్‌ను చాసిస్ మీద నిలిపే క్యాబ్ మౌంట్లు కూడా ఒకసారి చూడండి. 1973–87 మధ్య వచ్చిన ఈ చదరపు బాడీ బండ్లలో క్యాబ్ మూలలు, గుమ్మం కింది రాకర్ ప్యానెల్ తుప్పు పట్టడం మామూలే. మౌంట్ రబ్బరు కుంగి క్యాబ్ ఒక మూల దిగిందంటే డోరు సందు పైన ఒకలా, కింద ఒకలా కనిపిస్తుంది. డోరు తప్పు ఏమీ ఉండదు.

ఇప్పుడు అసలు పరీక్ష. స్ట్రైకర్ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, దాన్ని పూర్తిగా విప్పేయండి. మీ బండిలో అది టీ50 టార్క్స్ బిట్‌తో తిరుగుతుంది. ఆరు రెక్కల బిట్ అది, ప్లస్ ఆకారపు స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి ప్రయత్నిస్తే తల చెడుతుంది. స్ట్రైకర్ వెనక వాషర్లు ఉంటే ఎన్నున్నాయో రాసుకోండి. పిల్లర్ లోపల మరలున్న పలక ఒక గూట్లో వదులుగా ఉంటుంది, స్ట్రైకర్ అటూ ఇటూ జరిగేది దాని వల్లే. గూడు తుప్పు పట్టి ఊడిన బండ్లలో ఆ పలక పిల్లర్ లోపలికి జారిపోతుంది. అనుమానంగా ఉంటే స్ట్రైకర్ విప్పగానే ఆ రంధ్రంలో ఒక పొడవైన బోల్టు రెండు చుట్లు ఎక్కించి, దానికి తీగ కట్టి ఉంచండి. డోరు మూసి చూసేటప్పుడు మాత్రం బోల్టు తీసేసి, తీగ కొసను పలక రంధ్రంలోంచి పోనిచ్చి బయట పిల్లర్‌కు టేపుతో అంటించండి.

స్ట్రైకర్ లేకుండా డోరును మెల్లగా మూయండి. ఇప్పుడు డోరు నిలిచిన చోటును నిర్ణయించేది హింజ్‌లు, చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ మాత్రమే. చుట్టూ సందు 4 నుంచి 6 మి.మీ. మధ్య సమంగా ఉందా? పక్క గీత ఫెండర్ (ముందు చక్రం పై రేకు) నుంచి డోరు మీదుగా క్యాబ్ దాకా ఒకే వరసలో ఉందా? వెనక కింది మూలలో సందు సన్నబడి, పైన వెనక మూలలో వెడల్పయితే డోరు జారినట్టే. మీ బండిలో ఇదే కనిపిస్తుందని మా అంచనా.

దీనికి మొదటి మందు పిన్లు, బుష్‌లు. సెట్లుగా దొరుకుతాయి, లాచ్ ధరతో పోలిస్తే చవక. పాదంతో నొక్కే జాక్ మీద చెక్క ముక్క, దాని మీద మందపాటి గుడ్డ పెట్టి డోరు కింద ఆనించండి. ఒక హింజ్ పిన్ తీసి, బుష్ మార్చి, కొత్త పిన్ వేసి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్ళండి. రెండూ ఒకేసారి తీస్తే డోరు తిరిగి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు, బోలెడు ఓపిక కావాలి. హింజ్‌కు స్ప్రింగ్ ఉంటే కంటికి అద్దాలు పెట్టుకుని, అది ఎగరకుండా పట్టుకుని తీయండి. పాత బుష్ వచ్చాక రంధ్రాన్ని చూడండి. గుండ్రంగా ఉంటే కొత్త బుష్ కొద్దిగా తట్టితే బిగుతుగా కూర్చుంటుంది. కోలగా సాగిపోయి ఉంటే బుష్ నిలవదు, హింజ్ మార్చాల్సిందే.

ఇంత చిన్న పిన్‌కు అంత ప్రాముఖ్యం ఎందుకంటే, డోరు పొడవు రెండు హింజ్‌ల మధ్య దూరానికి రెండు రెట్లకు పైనే ఉంటుంది. పై హింజ్ దగ్గర ఒక మి.మీ. అరుగుదల ఉంటే వెనక అంచు రెండు మి.మీ.కు పైగా కిందికి దిగుతుంది. రెండు హింజ్‌లూ అరిగితే మీరు చెప్పిన పరిస్థితి వస్తుంది. చాలా బండ్లలో బుష్‌లు మార్చడంతోనే కథ ముగుస్తుంది, స్ట్రైకర్ ముట్టుకునే పని పడదు.

బుష్‌లు కొత్తవైనా వెనక అంచు ఇంకా కిందే ఉంటే అప్పుడు హింజ్ బోల్టులు. హింజ్ రెక్క అంచు చుట్టూ కూడా గీత గీసుకోండి. కింది హింజ్ బోల్టులను కొద్దిగానే వదులు చేయండి, పై హింజ్ బోల్టులను మాత్రం చేత్తో తిరిగేంత. జాక్‌తో వెనక అంచును కాస్త ఎత్తితే పై హింజ్ బండి ముందు వైపు జరుగుతుంది. గీతకూ రెక్కకూ మధ్య ఒక మి.మీ. తేడా వచ్చిందంటే చాలు, బిగించి, జాక్ తీసి చూడండి. పిల్లర్ వైపు బోల్టులకు మామూలు పానా సరిగ్గా దూరదు. వంపు తిరిగిన డోర్ హింజ్ పానా ఒకటి ఉంటుంది, దాన్ని సంపాదించండి, లేదా ఫెండర్ వెనక బోల్టులు వదులు చేసి చోటు చేసుకోండి. ఫెండర్ వదులు చేస్తే తర్వాత దాని సందు కూడా చూసుకోవాలి.

డోరు తనంతట తాను సరిగా కూర్చున్నాకే స్ట్రైకర్‌ను తిరిగి బిగించండి, ముందు చేతి బిగువు మాత్రమే. డోరును మెల్లగా మూస్తూ వెనక అంచును చూడండి. స్ట్రైకర్ ఫోర్క్‌లోకి వెళ్ళేటప్పుడు అంచు పైకీ లేవకూడదు, కిందికీ దిగకూడదు. లేస్తే స్ట్రైకర్ ఎత్తుగా ఉంది, దిగితే కిందుగా ఉంది. ఆ తర్వాత లోపలికి, బయటికి: స్ట్రైకర్‌ను క్యాబ్ లోపలి వైపు జరిపితే డోరు బిగుతుగా మూసుకుంటుంది, బయటికి జరిపితే వదులవుతుంది. డోరు వెనక రేకు క్యాబ్ రేకుతో సమంగా వచ్చే దాకా ఒక్కోసారి ఒక మి.మీ. చొప్పున జరపండి. అంతకంటే ఎక్కువ జరిపితే ఎక్కడ మొదలుపెట్టారో మీకే గుర్తుండదు.

ముందుకు వెనక్కి దిశను వాషర్లతో సరిచేస్తారు. లాచ్ నోట్లో కొద్దిగా మెత్తని మట్టి, పిల్లలు బొమ్మలు చేసేది, అంటించి డోరును మెల్లగా, లాచ్ పడనంత వరకే మూసి తెరవండి. స్ట్రైకర్ తల, మెడ పడ్డ అచ్చు కనిపిస్తుంది. ఫోర్క్ మెడ మధ్యలో పట్టాలి. స్ట్రైకర్ తల ఫోర్క్ పలకకు రాసుకుంటుంటే వాషర్ తీయాలో కలపాలో ఆ అచ్చు చూసి తెలిసిపోతుంది. మట్టిని పూర్తిగా తుడిచేయడం మరచిపోకండి. అంతా కుదిరాక సుమారు 45 అడుగు-పౌండ్ల టార్క్‌తో బిగించండి. మీ బండి మాన్యువల్‌లో అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

ప్రశ్న: *రోడ్డు మీద గుంత వస్తే డోరు దానంతట అదే తెరుచుకుంటోంది. డోరు కదలిక ఏమీ లేదు, సందులు బాగున్నాయి. (ఎడిసన్, న్యూజెర్సీ)*

జవాబు: ఇది సరయ్యే దాకా ఆ బండి బయటికి తీయకండి, ముఖ్యంగా పిల్లలు ఎక్కితే. లాచ్‌కు రెండు మెట్లు ఉంటాయి. మొదటి క్లిక్ సగం పట్టు, రెండోది పూర్తి పట్టు. అమెరికాలో డోరు లాక్‌ల భద్రతా ప్రమాణం 206 ప్రకారం పూర్తి పట్టులో లాచ్, స్ట్రైకర్ కలిసి బండి పొడవు దిశలో 2,500 పౌండ్ల లాగుడును తట్టుకోవాలి. సగం పట్టులో 1,000 పౌండ్లే. ఈ ప్రమాణం కార్లకు 1968 నుంచి, ట్రక్కులకు 1972 నుంచి వర్తించింది. సగం పట్టుతో తిరగడం అంటే ఆ మొదటి అంకె కాకుండా రెండో అంకె మీద తిరగడం.

డోరు తెరిచి, లాచ్ నోట్లోని ఫోర్క్‌ను స్క్రూడ్రైవర్‌తో స్ట్రైకర్ లోపలికి వచ్చినట్టే తిప్పండి. రెండు స్పష్టమైన క్లిక్‌లు వినిపించాలి. ఒకటే వస్తే, లేదా రెండోది పడి వెంటనే జారితే లోపల ఫోర్క్‌ను వెనక్కి తిరగకుండా ఆపే పాల్ అనే చిన్న మీట పూర్తిగా దిగడం లేదు. కారణాలు మూడు. మామూలుగా కనిపించేది ఎండి బంకైన పాత గ్రీజు. దాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడిగి, రంగు మీద పడకుండా గుడ్డ అడ్డు పెట్టి, ఆరాక తెల్ల లిథియం గ్రీజు పూయండి. రెండోది విరిగిన స్ప్రింగ్. మూడోది ఎవరూ చూడనిది: హ్యాండిల్ నుంచి వచ్చే రాడ్ మరీ బిగుతుగా ఉండి పాల్‌ను ఎప్పుడూ కాస్త లేపి ఉంచడం. డోరు ప్యానెల్ తీసి, రాడ్ క్లిప్పు ఊడదీసి, మళ్ళీ స్క్రూడ్రైవర్ పరీక్ష చేయండి. రాడ్ లేనప్పుడు రెండు క్లిక్‌లు గట్టిగా పడితే దొంగ రాడ్డే. హ్యాండిల్ లివర్‌ను తాకే చోట 1 నుంచి 2 మి.మీ. ఖాళీ ఆట ఉండాలి.

పరీక్ష అయ్యాక ఫోర్క్‌ను మూసిన స్థితిలో వదిలేయకండి. హ్యాండిల్ నొక్కి ఫోర్క్ తెరుచుకుందని చూశాకే డోరు మూయాలి. మూసిన ఫోర్క్‌తో డోరు విసిరితే స్ట్రైకర్‌ను గుద్దుకుని లాచ్ పలక వంగుతుంది. మంచి లాచ్‌లు చాలావరకు ఇలాగే పాడవుతాయి.

ప్రశ్న: *1951 షెవర్లే పికప్‌ను బాగుచేస్తున్నాం. ఇందులో ఫోర్క్ లేదు, పళ్ళ చక్రం ఉంది. డోరు మూస్తే టకటకమని చప్పుడు, కానీ నిలవదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన లాచ్ సరిపోలేదు. (శాన్ హోసే, కాలిఫోర్నియా)*

జవాబు: మీది 1947లో మొదలై 1955 తొలి నెలల దాకా నడిచిన తరం. అందులో డోరు అంచున ఉన్న పళ్ళ చక్రం, పిల్లర్ మీది పళ్ళ స్ట్రైకర్ మీద దొర్లుతూ ఎక్కుతుంది. మూసే దిశలో చక్రం ఒక్కొక్క పన్ను చొప్పున తిరగాలి, తెరిచే దిశలో అంగుళం కూడా కదలకూడదు. వేలితో తిప్పి చూడండి. రెండు వైపులా తిరుగుతుంటే పాల్ ఇరుక్కుంది లేదా దాని స్ప్రింగ్ పోయింది. తెరిచే దిశలో నిలిచి ఉన్నా డోరు వస్తోందంటే పళ్ళు అరిగాయి. చక్రం పళ్ళనూ స్ట్రైకర్ పళ్ళనూ కలిపి చూడండి, కొసలు గుండ్రంగా మారి ఉంటాయి. కొత్త చక్రాన్ని అరిగిన స్ట్రైకర్‌తో నడిపితే కొత్తదీ త్వరగానే అరుగుతుంది. కాబట్టి రెండూ కలిపే మార్చండి. చక్రం ఇరుసు రివెట్ వదులై చక్రం ఊగుతున్నా ఇదే లక్షణం.

సరిపోకపోవడానికి కారణం హ్యాండిల్. ఈ తరంలో 1952 నుంచి బయటి హ్యాండిల్ పుష్ బటన్‌గా మారింది, అంతకు ముందు కిందికి తిప్పేది. లాచ్ వెనక భాగం దానికి తగ్గట్టు వేరు. మీకు 1951 వరకు సరిపోయేదే కావాలి. పైగా ఎడమ, కుడి లాచ్‌లు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు, అటుది ఇటు పెట్టలేరు. ఆర్డర్ పెట్టేటప్పుడు సంవత్సరం, వైపు, హ్యాండిల్ రకం మూడూ చెప్పండి. సర్దుబాటు సూత్రం పై జవాబులో చెప్పినదే. తేడా ఒక్కటి, ఇక్కడ స్ట్రైకర్ పలక నిలువుగా ఉండటం ముఖ్యం. పక్కకు వాలితే చక్రం పైన ఒక పన్ను మీద, కింద గాలిలో ఉంటుంది.

ప్రశ్న: *కొత్త బీడింగ్ వేయించిన దగ్గర్నుంచి డోర్లు మూయాలంటే భుజం నొప్పి. మెకానిక్ స్ట్రైకర్ బయటికి జరపమంటున్నాడు. (హైదరాబాద్)*

జవాబు: ముందు అవతలి వైపు అద్దం పూర్తిగా దించి మూసి చూడండి. తేలిగ్గా పడితే అది రబ్బరు సమస్య కాదు, క్యాబ్‌లో ఇరుక్కున్న గాలి. బాగా బిగిసిన పాత క్యాబ్‌లో అది సహజం. అద్దం దించినా బరువుగానే ఉంటే రబ్బరు లావుగానో గట్టిగానో ఉంది. బయట తయారయ్యే బీడింగ్ తరచూ అసలుదాని కంటే గట్టిగా ఉంటుంది. కొన్ని వారాలు, ఎండలో బండి మూసి ఉంచితే ఇంకాస్త త్వరగా, అది అణిగిపోతుంది. తొందర ఉంటే స్ట్రైకర్‌ను ఒక మి.మీ. బయటికి జరపవచ్చు. అయితే రెండో క్లిక్ పడుతోందా లేదా చూసుకోండి, రబ్బరు అణిగాక తప్పకుండా వెనక్కి తేవాలి. లేకపోతే గాలి చప్పుడు, వాన నీళ్ళు. ఎక్కడ నొక్కుకుంటోందో తెలియడానికి అంగుళం వెడల్పు కాగితం ముక్కలు చుట్టూ పెట్టి డోరు మూసి ఒక్కొక్కటి లాగండి. అన్నిచోట్లా ఒకేలా పట్టి రావాలి. ఒక మూలలో చిరిగేంత బిగుతు, ఇంకో మూలలో సులువుగా జారితే రబ్బరును తప్పు పట్టకండి, డోరు మెలిక తిరిగి ఉంది.

ప్రశ్న: *మా నాన్నగారి పాత పికప్‌లో స్ట్రైకర్‌ను పట్టి ఉంచే స్టార్ స్క్రూల తలలు అరిగిపోయాయి. తుప్పు కూడా పట్టింది. ఎలా తీయాలి? (రాజమండ్రి)*

జవాబు: సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ కొనండి, ఖరీదేమీ ఎక్కువ కాదు. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె పోసి వదిలేయండి. తల గాడి శుభ్రం చేసి, సరిగ్గా పట్టే సైజు బిట్ పెట్టండి. ఈ స్క్రూలకు తరచూ పెద్ద మూడో నంబరు బిట్ కావాలి, చేతికి దొరికిన రెండో నంబరుతో తిప్పబట్టే తలలు పోతాయి. డ్రైవర్‌ను విప్పే దిశకు పెట్టి, తల మీద నిటారుగా నిలిపి, బలంగా ఒక్క దెబ్బ. చిన్న చిన్న దెబ్బలు పది కొట్టడం వల్ల గాడి ఇంకా పెరుగుతుంది. తల పూర్తిగా పోయి ఉంటే డ్రిల్‌తో తలను మాత్రమే తొలగించండి. స్ట్రైకర్ వచ్చాక మిగిలిన కాడను ప్లయర్‌తో తిప్పవచ్చు. దీపం మంట వాడకండి. పిల్లర్ లోపల వైరింగ్, బీడింగ్, సీటు గుడ్డ అన్నీ అందుబాటులోనే ఉంటాయి. తిరిగి బిగించేటప్పుడు కొత్త స్క్రూలే వాడండి, మరలకు కాస్త గ్రీజు రాయండి. గోదావరి గాలిలో తేమ తక్కువేం కాదు.

ప్రశ్న: *వెనక టెయిల్‌గేట్ ఒక వైపు మాత్రమే తెరుచుకుంటుంది. రెండో వైపు చేత్తో కొట్టాలి. 1984 షెవర్లే. (ఆస్టిన్, టెక్సస్)*

జవాబు: మధ్య హ్యాండిల్ నుంచి రెండు వైపులకూ రెండు రాడ్లు వెళ్తాయి. టెయిల్‌గేట్ లోపలి వైపు చిన్న మూత విప్పితే కనిపిస్తాయి. ఇరుక్కున్న వైపు రాడ్ వంగి ఉంటుంది, లేదా దాని ప్లాస్టిక్ క్లిప్పు విరిగి కొక్కెం రంధ్రంలో ఊగుతూ ఉంటుంది. క్లిప్పులకు కుడి ఎడమలు వేరు, విరిగినదాన్ని చేతిలో పట్టుకుని వెళ్ళి కొనండి. ఆ రెండూ బాగుంటే, హ్యాండిల్ ఎత్తినప్పుడు రెండు లాచ్‌లూ ఎంత మేర లాగబడుతున్నాయో చూడండి. బెడ్ (వెనక సామాను తొట్టి) పక్కలు లోపలికి నొక్కుకుపోయినా లాచ్ మీద ఒత్తిడి పెరిగి రాదు. గేటు మీద చేత్తో లోపలికి నెట్టి పట్టుకుని హ్యాండిల్ ఎత్తితే వస్తోందంటే అదే కారణం, లాచ్ మార్చి లాభం లేదు.